పైన్ గింజ లేకుండా పెస్టో
(మిద్దెతోట పెంచేవాళ్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఇటలీ వంటల్లో వాడే తులసి జాతి మొక్క బేసిల్‌ను ఎంతమంది పెంచుతున్నారని అడిగితే దాదాపు అందరూ చేతులెత్తారు. బేసిల్ ఆకు, పైన్ గింజలు, చీజ్, వెల్లుల్లి, ఆలివ్ నూనె వేసి నూరే ఇటలీ పచ్చడి పెస్టోను ఎంతమంది చేశారంటే మాత్రం చాలా చేతులు దిగిపోయాయి. ఎందుకంటే ఒకటే మాట వినిపిస్తోంది: పైన్ గింజలు దొరకవు, దొరికినా అంత పెట్టి కొనలేం. అందుకని ఇవాళ నా మాటలన్నీ ఆ గింజ చుట్టూనే తిరుగుతాయి.

జీడిపప్పు వేసుకుంటే సరిపోతుంది కదా అని మీలో కొందరు అనుకుంటూ ఉంటారు. సరిపోతుంది. కానీ గింజ మారితే నూనె పాళ్లు మారతాయి, వెల్లుల్లి ఎంత పడుతుందన్నది మారుతుంది, నూరే తీరు కూడా కొంత మారుతుంది. అసలు ఆ గింజ పెస్టోలో ఏం పని చేస్తోందో తెలిస్తే, ఈ మార్పులన్నీ ఎవరూ చెప్పకుండానే మీకే తడతాయి. నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది అదే.

పెస్టోది జెనోవా. ఇటలీకి వాయవ్యాన లిగూరియా తీరంలో ఉన్న రేవు పట్నం. కొండలు నేరుగా సముద్రంలోకి దిగే నేల కావడంతో సాగుభూమి తక్కువ. పట్నం శివార్లలో ప్రా అనే చోట గాజు ఇళ్లలో బేసిల్ పండిస్తారు. మొక్క ఇంకా లేతగా ఉండగానే వేళ్లతో సహా పీకి కట్టలు కడతారు. ఆ ఆకుకు 2005లో ఐరోపా సమాఖ్య ప్రాంతీయ ఉత్పత్తిగా చట్టపరమైన రక్షణ కూడా ఇచ్చింది.

అక్కడి పెస్టో సంఘం వాళ్ల పాళ్లు చెబుతాను, రాసుకోండి. బేసిల్ ఆకు 60 నుంచి 70 గ్రాములు. పైన్ గింజలు 30 గ్రాములు. బాగా మాగిన పార్మెజాన్ చీజ్ 45 నుంచి 60 గ్రాములు. సార్డీనియా గొర్రెపాల చీజ్ 20 నుంచి 40 గ్రాములు. వెల్లుల్లి రెబ్బలు ఒకటో రెండో. కల్లుప్పు 10 గ్రాములు. ఆలివ్ నూనె 60 నుంచి 80 మిల్లీలీటర్లు. దినుసులు ఏడే. 2007 నుంచి జెనోవాలో పెస్టో నూరడానికి ప్రపంచ పోటీ జరుగుతోంది. వందమంది పోటీదారులు పాలరాతి రోలు, చెక్క రోకలి పట్టుకుని ఆ ఏడింటితోనే నూరతారు.

ఇంత కట్టుదిట్టంగా ఉన్న వంటలో గింజ మార్చడం తప్పు కాదా అని ఇందాక ఒకావిడ అడిగారు. దానికి జవాబు జెనోవా చరిత్రలోనే ఉంది. పెస్టో చేసే విధానం అచ్చులోకి వచ్చింది 1863లో, జొవాన్ని బత్తిస్తా రాత్తో అనే ఆయన వేసిన జెనోవా వంటల పుస్తకంలో. అందులో ఆయన ఏమన్నాడంటే, బేసిల్ దొరక్కపోతే మార్జోరం, పార్స్‌లీ ఆకులు వేసుకోవచ్చు. పార్మెజాన్‌తో పాటు హాలెండు చీజ్ వేయాలి. నూరేటప్పుడు కాస్త వెన్న కూడా వేయాలి. ఈ రోజు పోటీలో ఎవరైనా వెన్న వేస్తే ఊరుకోరు. పాత పద్ధతిలో మాత్రం అది ఉంది. ప్రధానమైన ఆకునే మార్చుకోవచ్చని రాసిన వంట ఇది. గింజ మార్చడానికి మీరు సంకోచించక్కర్లేదు.

ఇటలీలోనే దక్షిణాన, సిసిలీ దీవిలో త్రపాని అనే ఇంకో రేవు ఉంది. తూర్పు దేశాల నుంచి తిరిగొచ్చే జెనోవా ఓడలు అక్కడ ఆగేవని, ఆ నావికుల నుంచే త్రపాని వాళ్లు పెస్టో నేర్చుకున్నారని చెబుతారు. వాళ్లకు ఊరి చుట్టూ బాదం తోటలు. అందుకని పైన్ గింజ బదులు బాదం వేశారు, ఉడికించని పండు టమాటా కూడా కలిపారు. దాన్ని ఎవరూ నకిలీ పెస్టో అనరు, త్రపాని పెస్టో అంటారు. సిసిలీలోనే బ్రొంతే అనే ఊరు పిస్తాకు పేరు మోసింది, అక్కడ పిస్తాతో చేస్తారు. ఫ్రాన్స్‌లో ప్రొవాన్స్ వాళ్లు అసలు గింజే వేయరు. ఎక్కడివాళ్లు అక్కడ కాసినదే రోట్లో వేశారు. ఇటలీ సూపర్ మార్కెట్లలో దొరికే చవక సీసాల వెనక చదివి చూడండి, చాలావాటిలో జీడిపప్పే ఉంటుంది. మనం ఖరీదు పెట్టి తెప్పించుకునే "అసలైన ఇటలీ పెస్టో"లో మన పలాసలో దొరికే పప్పే ఉండవచ్చు.

పైన్ గింజ ఎందుకంత ఖరీదో కూడా చెప్పాలి. మధ్యధరా తీరంలో పెరిగే ఒక జాతి పైన్ చెట్టు కాయలోంచి అది వస్తుంది. ఆ కాయ పక్వానికి రావడానికి మూడేళ్లు పడుతుంది. దాని మీద గట్టి పెంకు. 1999లో ఉత్తర అమెరికా నుంచి ఒక నల్లి జాతి పురుగు ఇటలీలోకి వచ్చింది. అది కాయల్లోని గింజల రసం పీల్చేస్తుంది. దాంతో దిగుబడి బాగా పడిపోయింది. మన దేశంలో హిమాచల్ కిన్నౌర్‌లో దొరికే చిల్‌గోజా కూడా పైన్ గింజే, వేరే జాతిది. చాలా రుచిగా ఉంటుంది. కానీ అది కూడా కిలో వేలల్లో, పైగా ఒక్కొక్క గింజా ఒలుచుకోవాలి. ఇక చవగ్గా దొరికే కొన్ని చైనా రకాలతో ఒక ఇబ్బంది ఉంది. ముఖ్యంగా పైనస్ అర్మాండీ అనే జాతి గింజలు తిన్న ఒకటి రెండు రోజులకు కొందరికి నోరంతా చేదెక్కుతుంది. ఏం తిన్నా లోహం నాకినట్టు ఉంటుంది, అది రోజుల తరబడి పోదు. ప్రమాదం లేదు, దానంతట అదే తగ్గుతుంది. కానీ ఎందుకో తెలియక డాక్టర్ల చుట్టూ తిరుగుతూ టెన్షన్ పడతారు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. గింజ పని ఏమిటి?

పెస్టోలో ఘాటైనవి మూడున్నాయి. పచ్చి వెల్లుల్లి, ఆకు, ఉప్పగా ఉండే చీజ్. వీటి మధ్యన పైన్ గింజ మెత్తగా నలిగి, తన నూనె వదిలి, ఆ ఘాటు తగ్గిస్తుంది. ఆకులోని నీరూ మనం పోసే నూనే విడిపోకుండా పట్టి ఉంచుతుంది. పోషక పట్టికల్లో చూస్తే పైన్ గింజలో మూడింట రెండు వంతులు కొవ్వే. పొట్టు లేదు, వగరు లేదు, వాసన చాలా తక్కువ. కొంచెం తీపి. దాని గొప్పతనం రుచిలో కన్నా ఈ అణకువలో ఉంది. బదులు వెతికేటప్పుడు "పైన్ గింజ రుచి దేనికుంది" అని వెతికితే దొరకదు. మెత్తగా నలిగేది, వగరు లేనిది, బేసిల్ వాసనను తొక్కేయనిది ఏదని వెతకండి.

ఆ లెక్కన జీడిపప్పు ముందుంటుంది. తెల్లగా, తియ్యగా ఉంటుంది, పొట్టు ముందే తీసేసి ఉంటుంది. కొవ్వు మాత్రం తక్కువ, వందకు 44 నుంచి 46. అంటే 30 గ్రాముల పైన్ గింజలో 20 గ్రాముల నూనె ఉంటే, 30 గ్రాముల జీడిపప్పులో 13 గ్రాములే. తేడా ఏడు గ్రాములు, టీస్పూనున్నర నూనె అన్నమాట. ఆ టీస్పూనున్నర మీరు పైన పోయాలి. పోయకపోతే పెస్టో ముద్ద కట్టి, నోట్లో పిండిలా తగులుతుంది. పిండి అని ఊరికే అనడం లేదు. జీడిపప్పులో నిజంగానే పిండి పదార్థం ఎక్కువ, పైన్ గింజలో దాదాపు లేదు. కూరల్లో గ్రేవీ చిక్కబడటానికి మనం జీడిపప్పు ముద్ద వేసేది అందుకే కదా. వేడి పాస్తాలో కలపగానే ఆ పిండి నీరు పీల్చుకుంటుంది. కాబట్టి పాస్తా ఉడికిన నీళ్లు ఒక కప్పు పక్కన పెట్టుకుని రెండు మూడు చెంచాలు ఎక్కువే పోయండి.

కొనేటప్పుడు పెద్ద గుండు పప్పు అక్కర్లేదు. డబ్ల్యూ 180, డబ్ల్యూ 320 అని పెట్టెల మీద రాస్తారు చూశారా, అది పౌనుకు, అంటే దాదాపు 450 గ్రాములకు, ఎన్ని పప్పులు తూగుతాయన్న లెక్క. అంకె తక్కువైతే పప్పు పెద్దది, ధర ఎక్కువ. మనం ఎలాగూ నూరేదే కాబట్టి బద్దలు, ముక్కలు చాలు. పలాస వెళ్లేవాళ్లుంటే ముక్కలు తెప్పించుకోండి, రుచిలో తేడా ఏమీ ఉండదు. ఒక్కటి మాత్రం చూసుకోండి, కొత్త పప్పు కావాలి. పాతబడి కనరెక్కిన పప్పు కూరలో మసాలా చాటున దాగుతుందేమో, పెస్టోలో దాగదు.

నానబెట్టొద్దు. కూరలకు నానబెట్టే అలవాటు మనకుంది, ఇక్కడ దాన్ని మానుకోవాలి. నీరు చేరితే ముద్ద పలచబడుతుంది, త్వరగా పాడవుతుంది. బాణలిలో సన్న సెగ మీద చెయ్యి పట్టేంత వేడి చేసి, పూర్తిగా చల్లార్చండి. రంగు మారనివ్వొద్దు. నేయిలో ఎర్రగా వేగిన జీడిపప్పు వాసన మనందరికీ ఇష్టమే, కానీ ఆ వాసన వచ్చిందంటే బేసిల్ వెనకబడిపోతుంది.

నాకు జీడిపప్పు కన్నా ఎక్కువ నచ్చినది ఇంకొకటుంది. సారపప్పు. పాయసంలో వేస్తామే, అదే. తెలంగాణలో మొర్రిపండ్లు తిన్నవాళ్లకు ఆ చెట్టు తెలుసు, ఆ పండు టెంక లోపలి పప్పే ఇది. అడవుల్లో గిరిజనులు ఏరి, టెంక పగలగొట్టి తీస్తారు. గింజ చిన్నది, మెత్తనిది, సగం పైచిలుకు నూనే. అందుకే జీడిపప్పులా పిండిపిండిగా ఉండదు. రోట్లో రెండు తిప్పులకే వెన్నలా అయిపోతుంది. పాయసం గిన్నె దాకా వచ్చి ఆగిపోయిన ఈ పప్పుకు మన వంటల్లో ఇంకా చాలా చోటుందని నా నమ్మకం. చవకేం కాదు, కానీ మనకు కావలసింది 30 గ్రాములే. త్వరగా కనరెక్కుతుంది కాబట్టి కొట్టులో వాసన చూసి, ఒక గింజ నమిలి కొనండి. ఇంట్లో ఫ్రిజ్‌లో దాచండి.

బాదం వేసేవాళ్లు వేడినీళ్లలో రెండు నిమిషాలు ఉంచి పొట్టు తీసి, గుడ్డ మీద పూర్తిగా ఆరబెట్టాలి. బాదం ఎంత నూరినా కొంచెం రవ్వగానే ఉంటుంది. దాన్ని లోపం అనుకోకండి, త్రపాని వాళ్లకు ఆ రవ్వే ఇష్టం. పండిన టమాటా రెండు, గింజలు తీసి కలిపితే బాదం పెస్టో ఇంకా బాగుంటుంది.

ఆక్రోటులో కొవ్వు దాదాపు పైన్ గింజంతే. కానీ దాని పలచని పొరలో వగరు, చేదు ఉంటాయి. మరిగే నీళ్లలో ఒక నిమిషం ఉంచి, గుడ్డలో వేసి రుద్దితే చాలావరకు ఊడుతుంది. ఓపిక లేకపోతే ఆక్రోటు వద్దు. లిగూరియా వాళ్లకు ఆక్రోటుతో వేరే సాస్ ఉంది, పాలలో నానిన రొట్టె ముక్క, వెల్లుల్లి, మార్జోరం వేసి నూరతారు. చలికాలంలో బేసిల్ మొక్క ఎండిపోయినప్పుడు అది చేసుకోవచ్చు.

పల్లీల సంగతి చాలామంది అడుగుతారు. పచ్చివి వేస్తే పసరు వాసన, వేయించినవి వేస్తే పల్లీ పచ్చడి వాసన. బాగుంటుంది, కానీ బేసిల్ కోసం చేసిన శ్రమ కనిపించదు. ఇంట్లో అవే ఉంటే దోరగా వేయించి, పొట్టు ఊది, 20 గ్రాములకు మించకుండా వేయండి. వెల్లుల్లి సగం చేయండి.

ఆకు గురించి రెండు మాటలు. ఇంట్లో తులసి ఉంది కదా అని అది వేయకండి. పూజ సంగతి పక్కన పెట్టినా, అందులో లవంగం ఘాటు ఎక్కువ, ముద్దగా తినలేం. సబ్జా గింజలు చల్లితే మొలిచేది బేసిల్ జాతే, కానీ చాలావాటిలో సోంపు వాసనో నిమ్మ వాసనో ముందుకొస్తుంది. జెనోవా రకం విత్తనాలు ఇప్పుడు మన దగ్గర కూడా అమ్ముతున్నారు, అవి తెచ్చుకోండి. పూమొగ్గ కనిపించగానే గిల్లేయండి. పూత వస్తే ఆకు చేదెక్కుతుంది. పొద్దున్నే కోసి, కడిగి, తడి లేకుండా ఆర్చాలి.

రోలు ఉన్నవాళ్లు రోట్లోనే నూరండి. రోటి పచ్చడి చేసే చేతికి పెస్టో కొత్తేమీ కాదు, అయితే ఇక్కడ దంచడం తక్కువ, తిప్పడం ఎక్కువ. ముందు వెల్లుల్లి, రెండు కల్లుప్పు రాళ్లు. మన నాటు వెల్లుల్లి రెబ్బ చిన్నది, ఘాటు ఎక్కువ. రెండు రెబ్బలతో మొదలెట్టండి. అది గుజ్జయ్యాక పప్పు. అదీ మెత్తబడ్డాక ఆకు కొంచెం కొంచెంగా, మిగతా ఉప్పుతో. పచ్చడి బండను రోటి గోడకు ఆనించి గుండ్రంగా తిప్పితే ఆకు చిరిగి రసం వదులుతుంది. తర్వాత తురిమిన చీజ్. చివర నూనె, చెంచాతో కలుపుతూ. ఉప్పు 10 గ్రాములూ మొదటే పోయకండి, చీజ్ పడ్డాక రుచి చూసి వేసుకోండి.

మిక్సీ అయితే గిన్నెను అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి. బ్లేడు వేడికి ఆకు నల్లబడుతుంది. ఆకు చిరిగినచోట గాలి తగిలితే అందులోని ఎంజైము దాన్ని నల్లబరుస్తుంది, వేడి ఆ పనికి తోడవుతుంది. ఆపి ఆపి తిప్పండి. ఆలివ్ నూనెను మాత్రం మిక్సీలో వేయకుండా చివర చేత్తో కలపండి, ఘాటైన నూనె ఎక్కువ తిరిగితే చేదు పైకి వస్తుంది. లిగూరియాలో తజ్జాస్క అనే కాయ నుంచి తీసే మెతక నూనె వాడతారు. మన దగ్గర సీసా మీద ఘాటు తక్కువ రకమని రాసింది చూసి తీసుకోండి.

పెస్టోను పొయ్యి మీద పెట్టకండి. పాస్తా వార్చి, దించాక కలపండి. జెనోవాలో పాస్తా ఉడికే నీళ్లలోనే ఆలుగడ్డ ముక్కలు, చిక్కుడు జాతి ఆకుపచ్చ బీన్స్ వేసి ఉడికించి, అన్నీ కలిపి పెస్టో పట్టిస్తారు. ఆ ఆలుగడ్డ ముక్క పెస్టోతో ఎంత బాగుంటుందో తిన్నవాళ్లకే తెలుస్తుంది.

ఇక నిల్వ. దీన్ని కాస్త గట్టిగా చెప్పాలి. ఆవకాయ జాడీ ఏడాది బయటే ఉంటుంది, కాబట్టి పైన నూనె తేలితే ఏదైనా నిలవుంటుందని మనకొక ధైర్యం. ఆవకాయను కాపాడేది నూనె ఒక్కటే అయితే అది కూడా పాడయ్యేది. మామిడి పులుపు, దండిగా ఉప్పు దాన్ని కాపాడుతున్నాయి. పెస్టోలో పులుపు లేదు, ఉప్పు తక్కువ. పచ్చి వెల్లుల్లి, ఆకు మట్టిలోంచి వచ్చినవి. నూనె కింద గాలి ఆడదు. బాట్యులిజం అనే ప్రాణాంతకమైన ఆహార విషం తెచ్చే సూక్ష్మజీవికి సరిగ్గా అలాంటి చోటే కావాలి. 2024లో ఫ్రాన్స్‌లో అడవి వెల్లుల్లి ఆకుతో చేసి సీసాల్లో పట్టిన పెస్టో తిని కొందరు ఆస్పత్రి పాలయ్యారు. అందుకని చేసిన వెంటనే ఫ్రిజ్‌లో పెట్టి, మూడు నాలుగు రోజుల్లో వాడేయండి. ఎక్కువ చేస్తే ఐస్ ట్రేలో పోసి గడ్డ కట్టించండి. అలా దాచేదాంట్లో చీజ్ వేయకుండా, కరిగించాక కలుపుకుంటే రుచి బాగుంటుంది. బంధువులకు సీసాల్లో పంపడం, ఊరికి బస్సులో తీసుకెళ్లడం మాత్రం దయచేసి వద్దు.

మీ ప్రశ్నలు చెప్పండి.

(ప్రశ్న: మేం శాకాహారులం. పార్మెజాన్ వేయొచ్చా?)

అసలు పార్మెజాన్‌ను దూడ కడుపులోంచి తీసే రెన్నెట్‌తో తోడుపెడతారు, కాబట్టి మీకు పనికిరాదు. శాకాహార రెన్నెట్‌తో చేసిన గట్టి చీజ్ మన దేశంలోనే తయారవుతోంది, లేబుల్ మీద చూడండి. ముక్కలుగా అమ్మే ప్రాసెస్డ్ చీజ్ వద్దు, సాగుతుంది. అసలు చీజే వద్దంటే పప్పు 50 గ్రాములు చేసి, ఉప్పు చిటికెడు పెంచండి. దానికి జీడిపప్పే నయం.

(ప్రశ్న: మా మనవడికి జీడిపప్పు పడదు. సారపప్పు వేస్తే ఫర్వాలేదా?)

వద్దమ్మా, అస్సలు వద్దు. జీడిపప్పు, పిస్తా, సారపప్పు మూడూ ఒకే కుటుంబం చెట్లు. జీడిపప్పు పడనివాళ్లలో చాలామందికి పిస్తా కూడా పడదు. ఆ బాబుకు ఏ గింజ పడుతుందో డాక్టరు గారు పరీక్ష చేసి చెప్పాలి. ఆయన సరేనంటే గుమ్మడి గింజలు వేయండి, రంగు కూడా పచ్చగా ఉంటుంది. కొంచెం మట్టి వాసన ఉంటుంది, నిమ్మచెక్క పిండితే తగ్గుతుంది. పొద్దుతిరుగుడు గింజలు కూడా బాగుంటాయి. రోలు, మిక్సీ గిన్నె శుభ్రంగా కడిగాకే నూరండి, పాత పప్పు అంటుకుని ఉండకూడదు.

(ప్రశ్న: అన్నంలో కలుపుకోవచ్చా?)

కలుపుకోవచ్చు, మా ఇంట్లో కలుపుకుంటాం. అన్నం పొడిపొడిగా, గోరువెచ్చగా ఉండాలి. పొగలు కక్కే అన్నంలో వేస్తే వాసనంతా ఆవిరైపోతుంది. నెయ్యి వేయకండి, చీజ్‌లో ఉప్పుంది కాబట్టి అన్నంలో ఉప్పు కూడా వేయొద్దు. ఉడికించిన ఆలుగడ్డ ముక్కలు పక్కన పెట్టుకోండి.

సరే, అక్కడ రోలు సిద్ధంగా ఉంది, సారపప్పూ జీడిపప్పు ముక్కలూ రెండూ తెచ్చాను. వెల్లుల్లి ఒలవడానికి ఇద్దరు, ఆకు తుంచడానికి ఇద్దరు ముందుకు రండి.